పేటలో ఎండ... కొండ మీద వాన

‘‘మావయ్యా, జలపాతానికి ఎప్పుడెళ్తున్నాం?’’

దసరా సెలవులిచ్చిన సాయంత్రం మా ఇంట్లో పడే మొదటి ప్రశ్న ఇది. అడిగేది మా మేనల్లుడు. తొమ్మిదో తరగతి. పుస్తకాల సంచీ ఓ మూల పడేసి, ఫోనులో గండాహతి జలపాతం వీడియో పెట్టి, ఇంటిల్లిపాదికీ తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. గండాహతి ఒడిశాలో, పర్లాకిమిడి దాటాక కొండల్లో ఉంది. మా నరసన్నపేట నుంచి తెల్లారి బయల్దేరితే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరొచ్చు. రైలు టిక్కెట్లూ హోటల్ గదులూ అక్కర్లేని విహారం. ఇంకేం, పావుగంటలో ప్రయాణం ఖాయమైపోయింది. మా ఆవిడ పులిహోరా, గారెలా అన్న మీమాంసలో పడింది. అక్క ‘తడిసినా బెంగలేని చీర’ కోసం బీరువా తెరిచింది. కిటికీ పక్క సీటు ఎవరిదో తేలక చిన్నపిల్లలు అప్పుడే తన్నుకోవడం మొదలుపెట్టారు.

మా బావగారొక్కరే ఏమీ మాట్లాడలేదు. ఆయనది జలుమూరు వైపు, వంశధార ఒడ్డు పల్లె. టీ గ్లాసు కింద పెట్టి తీరిగ్గా అడిగారు...

‘‘గొట్టా దగ్గర నీరెంతుందట?’’

అందరూ ఘొల్లున నవ్వారు. జలపాతానికెళ్దామంటే ఈయన హిరమండలం బ్యారేజీ నీటిమట్టం అడుగుతారేమిటి! దారిలో గొట్టా తగలదు కూడా. ‘‘నాన్నకి ఎప్పుడూ ఏటి గోలే’’ అన్నాడు మేనల్లుడు. నేను మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో చెప్పాలంటే ముందు మా ఏటి సంగతి చెప్పాలి.

వంశధార పొడవు సుమారు 254 కిలోమీటర్లు. ఆ నది నీళ్లు పోగేసుకునే నేల 10,830 చదరపు కిలోమీటర్లు. అందులో నాలుగింట మూడొంతులు ఒడిశాలోనే ఉంది. అంటే కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నీళ్లలో ఎక్కువ భాగం మన ఆకాశం నుంచి పడినవి కావు. కలహండి, రాయగడ, గజపతి జిల్లాల కొండల మీద పడి, వాగుల్లోంచి జారి, మన దాకా వచ్చినవి. ఏటి ఒడ్డు పల్లెల వాళ్లకి ఇదంతా భూగోళం పుస్తకం చదివితే తెలిసింది కాదు. పేటలో ఎండ పేలిపోతూ ఉంటుంది. డాబాల మీద వడియాలు ఎండుతూ ఉంటాయి. సరిగ్గా ఆ రోజే, గొట్టా గేట్లు ఎత్తేశారు, ఏట్లోకి ఎవరూ దిగొద్దు, గొడ్లని లంకల్లోకి తోలొద్దు అని ఊళ్లో టముకు పడుతుంది. మబ్బు తునక కూడా లేని రోజున ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారడం మా బావగారు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అందుకే వాళ్ల ఊళ్లో వరద మాట వస్తే ‘ఇక్కడ ఎంత పడింది’ అనరు. ‘పైన ఎంత పడింది’ అంటారు.

జలపాతానిదీ అదే లెక్క. మన కాళ్ల దగ్గర పారే నీరు మనం చూడని వాన తాలూకుది. కాకపోతే నదికి ఒకటి రెండు రోజులు పట్టేది, కొండ మీది గెడ్డకి గంటో అరగంటో చాలు. (ఇతర జిల్లాల వారి కోసం... మా ఉత్తరాంధ్రలో కొండవాగుని గెడ్డ అంటాం.) నదికైతే గేట్ల దగ్గర మనుషులుంటారు, క్యూసెక్కుల లెక్కలుంటాయి, పోలీసుల హెచ్చరికలుంటాయి. గెడ్డకి ఇవేవీ లేవు. అది చెప్పి రాదు.

నాకీ సంగతి తెలిసింది పదిహేనేళ్ల కిందట. సీతంపేట కొండల్లో ఓ గెడ్డ దగ్గరికి మూడు కుటుంబాల వాళ్లం వెళ్లాం. ఆగస్టు పదిహేను సెలవు. బడిలో జెండా వందనం కాగానే పిల్లల్ని బండెక్కించుకుని బయల్దేరాం. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గెడ్డలో మోకాలి లోతు నీళ్లు. పిల్లలు రూపాయి బిళ్ల వేస్తే అడుగున మెరుస్తూ కనిపించేంత తేట. పెద్ద బండ మీద దుప్పటి పరిచి, మధ్యలో మా అమ్మ తాలూకు అయిదు గిన్నెల స్టీలు కేరియరు పెట్టాం. మా తమ్ముడు ఓ సీతాఫలం చెట్టు చూసి గెడ్డ దాటి అవతలి ఒడ్డుకెళ్లాడు.

ఆవుల్ని తోలుకుపోతున్న సవర పెద్దాయన ఒకాయన మమ్మల్ని దాటి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. నీళ్ల వంక చూశాడు. ‘‘పిల్లల్ని పైకి ఎక్కించండి బాబూ. నీరు మారింది’’ అన్నాడు. మాకేమీ అర్థం కాలేదు. నీళ్లు ఎక్కడికి మారతాయి? అప్పుడు చూశాను. ఇందాకటి రూపాయి బిళ్ల కనిపించడం లేదు. నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. వాటి మీద ఎండుటాకులు, పుల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నాయి. చప్పుడు కూడా మారింది. గలగల పోయి, దూరంగా లారీ వస్తున్నట్టు ఓ మోత. బావగారు ఒక్క ఊపున ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని గట్టు ఎక్కేశారు. ఆడవాళ్లం, మగవాళ్లం, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నామో కూడా గుర్తు లేదు. మా ఆవిడ సగం ఎక్కి, ‘‘అయ్యో, కేరియరు!’’ అని వెనక్కి తిరిగింది. జన్మలో ఆవిణ్ని అంత గట్టిగా కసిరింది అప్పుడే.

మేం కూర్చున్న బండ మీద నుంచి నీళ్లు పోవడానికి పది నిమిషాలు పట్టలేదు. దుప్పటి, చెప్పులు, అయిదు గిన్నెల కేరియరు... అన్నీ పోయాయి. తమ్ముడు అవతలి ఒడ్డున ఉండిపోయాడు. వాడు దాటబోతే పెద్దాయన రెండు చేతులూ ఎత్తి ‘కూర్చో’ అని సైగ చేశాడు. కూర్చున్నాడు. నాలుగు గంటల పాటు! ఇటు మేమందరం, అటు వాడొక్కడు, మధ్యలో ఎర్రటి నీళ్లు. ఒకరి మాట ఒకరికి వినపడదు. మా అమ్మ ఆ నాలుగు గంటలూ వాడి మీద నుంచి కళ్లు తిప్పలేదు. పొద్దు వాలే వేళకి గెడ్డ దానంతటదే తగ్గిపోయింది. ఏమీ జరగనట్టు మళ్లీ మోకాలి లోతు. ఆ వచ్చిన నీళ్ల తాలూకు వాన చినుకొక్కటి కూడా మా మీద పడలేదు.

ఆ తర్వాత చాలా చదివాను, చాలామందిని అడిగాను. కొండల్లో ఇలా ఎందుకవుతుందన్నది బ్రహ్మవిద్యేమీ కాదు. పల్లంలో పడిన వానకి పరుచుకోవడానికి చోటుంటుంది. మడి నిండాలి, గట్టు తెగాలి, కాలవ పొంగాలి, అప్పటికి గానీ మన గుమ్మం దాకా రాదు. కొండ మీద పడిన వానకి అంత తీరిక లేదు. తూర్పు కనుమల రాయి... భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఖొండలైట్ అంటారు, మన పొరుగు కొండల్లోని ఖోండుల పేరు మీద... వంద కోట్ల ఏళ్ల నాటి గట్టి రాయి. వాలు ఎక్కువ, మన్ను తక్కువ. పడిన నీరు పడినట్టే నాలుగు వైపుల నుంచీ ఒకే లోయలోకి దొర్లుకొస్తుంది.

ఆ లోయ గండి అయితే ఇంక చెప్పక్కర్లేదు. గండి అంటే మన భాషలో కొండ తెగిన చోటు. పెన్నా నది ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుపోయిన చోట కోట కట్టారు కాబట్టే కడప జిల్లాలో గండికోటకి ఆ పేరు. జలపాతం ఉన్న చోట దాని దిగువన ఎంత చిన్నదో గండి ఒకటి తరచూ ఉంటుంది. నీరు దూకి దూకి, కోసి కోసి చేసుకున్న దారి అది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! రెండు వైపులా నిలువు రాళ్లు, మధ్యలో చల్లటి నీడ, పైన సన్నటి ఆకాశం. ఫొటోలన్నీ అక్కడే తీసుకుంటాం. కానీ పొలంలో బెత్తెడు మందాన పరుచుకునే నీరు గండిలోకి వస్తే పక్కకి పోలేదు. నిలువెత్తు లేవాల్సిందే. మనమూ పక్కకి పోలేం.

1997 ఆగస్టు 12న అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలోని యాంటిలోప్ కేన్యన్ అనే ఇరుకు గండిలో పదకొండు మంది పర్యాటకులు కొట్టుకుపోయారు. వాళ్లున్న చోట కురిసింది నామమాత్రం. అసలు వాన ఎగువన ఎన్నో మైళ్ల అవతల కురిసింది. ఆ తర్వాత అక్కడ ఇనప మెట్లు బిగించారు, గైడ్ లేకుండా లోపలికి వెళ్లనివ్వడం లేదు.

అంత దూరం ఎందుకు? 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు ఇరవై నాలుగు మంది పోయారు. అక్కడ పైన పడింది వాన కూడా కాదు, లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల ఇరుకులో, కచ్చులూరు దగ్గర, గోదావరి వరద మీదుండగా పర్యాటకుల లాంచీ మునిగింది. 2024 సెప్టెంబరు 22న మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఒక్కసారిగా ప్రవాహం పెరిగి ముగ్గురు వైద్య విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. క్యాలెండర్ తీసి చూడండి. ఈ మూడూ ఆదివారాలే. మనకి తీరిక దొరికే రోజు అది. వానకి ఆ లెక్కేం తెలుసు?

ఆదివారం పొద్దున్నే, చేతిలో కాఫీ ఉండగా, ఈ కబుర్లు ఎందుకని విసుక్కోకండి. మేం వెళ్లడం మానుకోలేదు. ఎప్పుడు వెళ్లాలన్నదే మా ఇంట్లో తేలాల్సింది.

మేనల్లుడి వాదన మేనల్లుడిది. దసరాకి పది రోజులు సెలవులు. వానలు అప్పుడప్పుడే వెనకబడుతుంటాయి. జలపాతం నిండుగా ఉంటుంది. అన్నీ నిజమే. కానీ మన శ్రీకాకుళం వాళ్లకి ఆ నెలతో ఓ పేచీ ఉంది. పైలీన్ తుఫాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. మాట్లాడుకుని వచ్చినట్టు లేదూ! తిత్లీ పలాస వైపు తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని పడుకోబెట్టిన సంగతి మనందరికీ గుర్తే. కానీ ఆ వాన అక్కడితో ఆగలేదు. కొండెక్కింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. వంశధార, మహేంద్రతనయ పొంగి మన పల్లెల మీద పడ్డాయి. 2021లో గులాబ్ మరీ తొందరపడి సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గరకి వచ్చేసింది. ఇలాంటి నెలలో కొండ గండిలోకి చిన్నపిల్లల్ని దింపడమా?

‘‘కార్తీకం రానీ’’ అన్నారు బావగారు. ‘‘అప్పుడైతే నేనూ వస్తాను. వనభోజనం కూడా కలిసొస్తుంది.’’

‘‘అప్పటికి నీళ్లు సన్నబడిపోతాయి నాన్నా! ఈ వీడియోలోలా ఉండదు’’ అని మేనల్లుడు ఏడుపు మొహం పెట్టాడు. వాడన్నదీ నిజమే. దాచడం ఎందుకు? కార్తీకంలో జలపాతానికి శ్రావణ భాద్రపదాల జోరు ఉండదు. తెల్లటి పాలనురగ పరదా బదులు నాలుగు పాయలుగా జారుతుంది. కానీ నీరు తేటగా ఉంటుంది. అడుగు కనిపిస్తుంది. బండలు ఎండి, పాకుడు తగ్గి, కాలు నిలుస్తుంది. పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లొచ్చు. కొండలింకా పచ్చగానే ఉంటాయి. ఆ ‘నిండు’ చూడాలని ఉంటే భాద్రపదంలో ఓ రోజు వెళ్లి, దూరంగా గట్టు మీద నిలబడి, కళ్లారా చూసి వచ్చేయాలి. దిగే జలపాతం వేరు, చూసే జలపాతం వేరు. రెండూ ఒకే రోజున కావాలంటేనే చిక్కు.

కార్తీకమైనా సరే, బయల్దేరే ముందు మూడు రోజులు వాతావరణం చూడాలి. ఇక్కడే మనమందరం చేసే పొరపాటు ఒకటుంది. ఫోను తీసి ‘శ్రీకాకుళం’ అని కొట్టి, సూర్యుడి బొమ్మ కనిపించగానే బండి తీస్తాం. పేటలో ఎండ కాస్తే మనకేం ఒరిగింది? చూడాల్సింది గజపతి జిల్లా వాతావరణం. వాతావరణ శాఖ వాళ్లు జిల్లాల వారీగా పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తారు. వాళ్ల ‘మౌసమ్’ యాప్‌లో కూడా దొరుకుతాయి. ఎగువ జిల్లాకి పచ్చ రంగు తప్ప మరేది ఉన్నా మా ప్రయాణం వాయిదా అని తీర్మానించాం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో వింటే ఇంక రంగుల దాకా కూడా వెళ్లక్కర్లేదు. అన్నిటి కంటే నమ్మకమైనది మరొకటుంది. పాతపట్నంలోనో పర్లాకిమిడిలోనో చుట్టాలు లేని పేట వాళ్లు అరుదు. ముందు రోజు రాత్రి ఒక ఫోను కొట్టి ‘కొండల వైపు మబ్బుందా’ అని అడగండి. మా వియ్యాలవారు ఒకరు అక్కడ ఉన్నారు. ఈ ఫోను కారణంగా ఏడాదికి ఒక్కసారైనా వాళ్లని పలకరించినట్టవుతుందని మా ఆవిడ సంతోషం.

దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పేటలో హైవే మీద నుంచి చల్లవానిపేట, సారవకోట, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి పోయే రోడ్డు ఇప్పుడు జాతీయ రహదారి. పాతపట్నంలో నీలమణి దుర్గమ్మకి ఓ దణ్ణం పెట్టుకుంటే అటుపక్కనే పర్లాకిమిడి. అక్కడి నుంచి గండాహతికి ఇంకో పాతిక ముప్ఫై కిలోమీటర్లు. రాష్ట్రం మారుతుంది కాబట్టి బండి కాగితాలన్నీ దగ్గరుండాలి. భాషకి మాత్రం బెంగలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ఊరు మద్రాసు రాజధానిలోనిదే. బజార్లో సగం బేరాలు ఇప్పటికీ తెలుగులో సాగుతాయి. మన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది అక్కడే. ఆ చుట్టూ కొండల్లో సవరల మధ్య తిరిగే ఆయన వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ అడవుల్లోనే చలిజ్వరం పట్టుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు కూడా వచ్చింది. ఈ ముక్క నేను చెబితే పిల్లలు వినిపించుకోలేదు గానీ, దోమల మందు సంచీలో వేయడానికి మా ఆవిడకి ఇది చక్కగా పనికొచ్చింది.

దారి కంటే వేళ ముఖ్యం. నవంబరు నడుమ మన వైపు అయిదూ ఇరవైకల్లా సూర్యుడు దిగిపోతాడు. కొండ నీడలో నాలుగింటికే మసక. అందుకని తిరుగు ప్రయాణం వేళని ముందు రాసుకుని, దాని నుంచి వెనక్కి లెక్క కట్టాం. మధ్యాహ్నం రెండున్నరకి నీళ్ల దగ్గర నుంచి లేవాలి. అలా లేవాలంటే పన్నెండింటికి భోజనాలు కావాలి. నీళ్లలో ఆటలన్నీ అంతకు ముందే. అలాగైతే తొమ్మిదికల్లా అక్కడుండాలి. అంటే పేటలో ఆరింటికి బండి కదలాలి. ఇది విని మా అక్క ‘‘అయితే నేను మూడింటికి లేవాలన్నమాట’’ అని నిట్టూర్చింది. మగవాళ్లు వేసే టైంటేబుళ్లలో వంటింటి గంటలు ఎప్పుడూ కలవవు. అందుకే పులిహోర ముందు రోజు రాత్రే కలపడం, గారెలు రద్దు అని మరో తీర్మానం చేశాం. తొక్క తీసి తినే అరటిపళ్లు, బత్తాయిలు, వేరుశనగ అచ్చులు ఉండనే ఉన్నాయి. తినేశాక అరిటాకులు గెడ్డలో వేయకుండా, ప్లాస్టిక్ కవర్లు తిరిగి తెచ్చుకోవడానికి ఓ గోనెసంచీ.

మందు సీసాల మాట ఎత్తితే ఆ మనిషి మా బండి ఎక్కడు. ఈ విషయంలో మా ఇంటి ఆడవాళ్లది ఏకగ్రీవం.

ఇక నీళ్ల దగ్గర. జలపాతం కింద గుంటలో నీళ్లు మోసం చేస్తాయి. నీళ్లలోంచి చూసినప్పుడు అడుగు ఉన్నదానికంటే పైకి కనిపిస్తుంది. మూడడుగులు అనుకున్నది నాలుగు ఉంటుంది. పైనుంచి నీరు దూకే చోట బుడగలు ఎక్కువ కాబట్టి అక్కడి నీరు మనిషిని తేల్చదు. ఈత వచ్చినవాళ్లు మునిగేది సాధారణంగా అలాంటి చోటే. మా గ్రామాల్లో చెరువులో ఈత నేర్చిన మొనగాళ్లు ఈ తేడా తెలియక దూకేస్తారు. దూకడం అన్న మాటే వద్దు. నడుం లోతు దాటొద్దు. చిన్నపిల్లలు ఒక్కొక్కరికీ ఒక్కో పెద్దమనిషి పేరు పెట్టాం. ‘అందరూ చూస్తున్నారు కదా’ అంటే ఎవరూ చూడనట్టే. పేరు పెట్టినవాడు ఫోను జేబులోంచి తీయకూడదు.

గెడ్డ దాటి అవతలి ఒడ్డుకి వెళ్లడం మాత్రం ఎవరికీ లేదు. ఇది మా తమ్ముడే పట్టుబట్టి రాయించాడు. పారే నీటి బలం చాలామంది అనుకున్నంత మామూలుది కాదు. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. మోకాలి లోతైనా సరే, వడిగా వచ్చే నీరు నిలువెత్తు మగాణ్ని పడేస్తుంది. ఒకవేళ ఎవరైనా అవతల చిక్కుకుపోతే దాటించే ప్రయత్నం చేయకుండా కూర్చోబెట్టడమే మంచిది. వాన ఆగాక కొండగెడ్డ చాలాసార్లు కొన్ని గంటల్లోనే తీస్తుంది.

నీరు రంగు మారినా, చెత్తా చెదారం వచ్చినా, చప్పుడు పెరిగినా, కొండల మీద ఉరిమినా ఒకటే పని. పైకి. గెడ్డ వెంట కిందికి పరిగెత్తడం కాదు, పక్క గట్టు మీదికి ఎక్కడం. చెప్పుల కోసం, ఫోను కోసం, గిన్నెల కోసం వెనక్కి తిరగడం లేదు. ఎవరైనా నీళ్లలో పడితే వాళ్ల కోసం మరొకరు దూకొద్దు. తాడో, ముడేసిన చీరో, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బానో విసరాలి. బావగారు పొలం నుంచి పదిహేను గజాల నైలాన్ తాడు తెస్తామన్నారు. అత్యవసరానికి 112 నంబరు ఒడిశాలో కూడా పనిచేస్తుంది. కానీ కొండల్లో సిగ్నల్‌ని నమ్ముకోలేం. అందుకని ‘రాత్రి ఎనిమిది దాటినా మేం రాకపోతే’ అని పక్కింటి మాస్టారి గారికి చెప్పి వెళ్లాలని కూడా రాసుకున్నాం.

ఈ చివరి మాట దగ్గర అందరూ కాసేపు మాట్లాడలేదు. విహారానికి వెళ్తూ అలాంటి ముక్క రాసుకోవడం మా ఆవిడకి నచ్చలేదు. ‘‘అపశకునం మాటలు’’ అంది. చెరిపేద్దామా అని నేను కలం తీశాను. మా తమ్ముడు వద్దన్నాడు. ఆ రోజు అవతలి ఒడ్డున కూర్చున్న నాలుగు గంటలూ వాడు ఏం ఆలోచించాడో ఇన్నేళ్లలో మేమెవరం అడగలేదు, వాడూ చెప్పలేదు. ఇప్పుడు మాత్రం ఒక మాటన్నాడు. ‘‘మనం ఎక్కడున్నామో ఇంటి దగ్గర ఒక్కరికి కూడా తెలీదు కదా అనుకున్నానన్నయ్యా.’’ మా ఆవిడ మరి అభ్యంతరం చెప్పలేదు.

కాగితం ఫ్రిజ్ తలుపు మీదికెక్కింది. కార్తీకంలో రెండో ఆదివారం అని పైన పెద్దక్షరాలతో మేనల్లుడే రాశాడు. మొహం ఇంకా వేలాడేసుకునే ఉన్నాడు గానీ, మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఫోను పట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. మళ్లీ జలపాతం వీడియో అనుకున్నాను. కాదు. ‘‘మావయ్యా, గజపతికి ఇవాళ నారింజ రంగు పెట్టారు’’ అన్నాడు. బయట ఎండ అప్పటికే చుర్రుమంటోంది. వీధిలో ఎవరో వడియాల చాప పరుస్తున్నారు. సాయంత్రం బావగారి ఊరి నుంచి ఫోనొచ్చింది, ఏట్లో నీరు పెరుగుతోందని.

ఇక మిగిలింది పులిహోర పట్టుకెళ్లే గిన్నె. ఇంట్లో కొత్త స్టీలు కేరియరు ఉంది. మా ఆవిడ అది కడిగి బోర్లిస్తుంటే అమ్మ చూసింది.

‘‘అది పెట్టకండి’’ అంది. ‘‘ఆ ప్లాస్టిక్ డబ్బా తీసుకెళ్లండి. పోతే పోయిందిలే అనుకునేది ఉండాలి.’’